బూటు కుట్టులో గింజ

సరిహద్దు జిల్లాల్లో బతికే మనకు చెక్‌పోస్టు అంటే ఏమిటో ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. రోడ్డుకు అడ్డంగా ఒక గడ, పక్కన చిన్న గది, బారులు తీరిన లారీలు. 2017లో జీఎస్టీ వచ్చాక పన్నుల చెక్‌పోస్టులు ఎత్తేశారు గాని, అంతకు ముందు అర్ధరాత్రి బస్సు ఆపి సంచులు తడిమిన రోజులు మీలో చాలామందికి గుర్తుండే ఉంటాయి. ఈరోజు నేను చెప్పబోయేది రోడ్డే లేని చోట ఉన్న ఒక చెక్‌పోస్టు గురించి. అక్కడ ఆపేది లారీలను కాదు, సముద్రం మీద వచ్చే తెరచాప పడవలను. వెతికేది బంగారం కోసమో సారా కోసమో కాదు. ఒక ఎలుక కోసం, ఒక గడ్డిగింజ కోసం, ఇంత మట్టిపెళ్ళ కోసం.

ఇంట్లో పిల్లల అట్లాసు ఉంటే ఒకసారి తెరవండి. దక్షిణ అమెరికా ఖండం కింది కొన పట్టుకుని తూర్పుగా వేలు జరిపితే మొదట ఫాక్లండ్ దీవులు తగులుతాయి. అక్కడి నుంచి ఇంకా తూర్పుగా, కొంచెం దక్షిణంగా, సుమారు 1,400 కిలోమీటర్లు వెళ్ళాలి. ఇంచుమించు మా బళ్ళారి నుంచి ఢిల్లీకి ఉన్నంత దూరం. మధ్యలో నీళ్ళు తప్ప ఏమీ లేవు. అప్పుడు వచ్చేది సౌత్ జార్జియా దీవి. పొడవు సుమారు 165 కిలోమీటర్లు. వెడల్పు ఎక్కడా నలభై కిలోమీటర్లకు మించదు. దీవిలో సగానికి పైగా ఏడాది పొడుగునా మంచు కప్పే ఉంటుంది. మౌంట్ పేజెట్ అనే శిఖరం 2,935 మీటర్ల ఎత్తున సముద్రంలోంచి నేరుగా లేచినట్టు నిలబడి ఉంటుంది. దీవి బ్రిటన్ పాలనలో ఉంది. అర్జెంటీనా అది తనదంటుంది. 1982 యుద్ధంలో ఏప్రిల్ నెలలో మూడు వారాలపాటు అర్జెంటీనా సైన్యం చేతిలో ఉండి మళ్ళీ బ్రిటన్ చేతికి వచ్చింది. పుట్టి పెరిగిన జనం అంటూ అక్కడ ఎవరూ లేరు. కింగ్ ఎడ్వర్డ్ పాయింట్ అనే చోట కొందరు ప్రభుత్వ అధికారులు, కొందరు శాస్త్రజ్ఞులు వంతులవారీగా ఉంటారు, అంతే.

మనుషులు లేరు గాని జీవాలకు లెక్కలేదు. సెయింట్ ఆండ్రూస్ బే అనే ఒక్క తీరంలోనే రాజ పెంగ్విన్లు లక్షల్లో నిలబడి ఉంటాయి. రెక్కలు చాస్తే పది అడుగులుండే ఆల్బట్రాస్ పక్షులు గడ్డి దుబ్బుల మధ్య గూడు కడతాయి. ఏనుగు సీళ్ళు, బొచ్చు సీళ్ళు ఇసుక కనబడకుండా పడుకుంటాయి. వీటన్నిటి మధ్య పిచ్చుకంత పక్షి ఒకటుంది. పిపిట్ అంటారు. ప్రపంచంలో ఈ దీవిలో తప్ప మరెక్కడా గూడు కట్టదు. పాట పాడే పక్షుల్లో భూగోళం మీద ఇంత దక్షిణాన బతికేది మరొకటి లేదు. ఈనాటి మన కథలో ముఖ్య పాత్ర దానిదే.

జేమ్స్ కుక్ 1775 జనవరిలో ఆ దీవి మీద దిగి, బ్రిటిషు రాజు పేర దాన్ని తనది చేసుకుని వెళ్ళాడు. అక్కడ సీళ్ళు విపరీతంగా ఉన్నాయని ఆయన రాసిన మాట చదివి, తోళ్ళ వ్యాపారులు పరుగున వచ్చారు. వాళ్ళ ఓడల్లోంచి ఎలుకలు కూడా దిగాయి. వాటిని ఎవరూ పిలవలేదు, ఎవరూ గమనించలేదు. తర్వాత 1904లో కార్ల్ ఆంటన్ లార్సెన్ అనే నార్వే దేశస్థుడు గ్రిట్వికెన్ అనే చోట తిమింగలాల నూనె తీసే కర్మాగారం పెట్టాడు. 1960ల నడుమ ఆ పరిశ్రమ మూతబడేదాకా ఆ దీవి చుట్టుపక్కల తిమింగలాలు లక్షా డెబ్భై అయిదు వేలకు పైగా కోతకు వచ్చాయి. మాంసానికి పనికొస్తాయని 1911లో రెయిన్‌డీర్ జింకల్ని కూడా తెచ్చి వదిలారు. ఆ జింకలు గడ్డిని నేలమట్టం చేశాయి. ఎలుకలు ఆ గడ్డి కింద బొరియల్లో గూడు కట్టే పక్షుల గుడ్లనూ పిల్లల్నూ తినేశాయి. చెట్టనేది లేని ఆ దీవిలో పక్షులు నేల మీదా నేల లోపలా తప్ప మరెక్కడ గూడు పెట్టుకోగలవు? వేల ఏళ్ళుగా నేల మీద నాలుగు కాళ్ళ శత్రువు ఎరుగని పక్షులవి. ఎలుక దగ్గరికొస్తే ఎగిరిపోవాలని కూడా వాటికి తెలియదు. పిపిట్ పక్షి పెద్ద తీరం వదిలేసి, ఎలుకలు చేరలేని చిన్న చిన్న లంకల్లోనూ మంచుగడ్డలు అడ్డున్న కొన్ని మూలల్లోనూ తలదాచుకుంది.

ఆ మంచుగడ్డల సంగతి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఇవాళ్టి నియమాలన్నీ అక్కడినుంచే మొదలవుతాయి. కొండల మీదినుంచి సముద్రం దాకా దిగే మంచునదుల్ని హిమానీనదాలంటాం. ఎలుక వాటిని దాటలేదు. తినడానికేమీ ఉండదు, చలికి చస్తుంది. కాబట్టి దీవిలోని ఎలుకలన్నీ ఒకే మంద కాదు. మంచు గోడల మధ్య గదులు గదులుగా విడిపోయి ఉండేవి. ఒక గది శుభ్రం చేస్తే పక్క గదినుంచి ఎలుక రాదు. ఇది చూసే శాస్త్రజ్ఞులకు ధైర్యం వచ్చింది. అయితే భూమి వేడెక్కుతూ ఆ మంచునదులు ఏటా వెనక్కి తగ్గుతున్నాయి. గోడలు కూలిపోయి గదులన్నీ ఒకే హాలు అయిపోతే ఇంక ఆ పని చెయ్యలేం అని తొందరపడ్డారు.

సౌత్ జార్జియా హెరిటేజ్ ట్రస్టు అనే సంస్థ విరాళాలు పోగుచేసి 2011లో, 2013లో, 2015లో మూడు విడతలుగా హెలికాప్టర్లతో విషపు ఎర చల్లించింది. ఎలుకలున్న నేల వెయ్యి చదరపు కిలోమీటర్లకు పైమాటే. చల్లిన ఎర మూడు వందల టన్నులకు పైన. ఖర్చు దాదాపు కోటి పౌండ్లు. ప్రపంచంలో అప్పటిదాకా ఏ దీవిలోనూ ఇంత పెద్ద ఎత్తున ఎలుకల నిర్మూలన జరగలేదు. అదే కాలంలో నార్వేనుంచి జింకల కాపరుల్నీ గురిగాళ్ళనూ పిలిపించి రెయిన్‌డీర్లను కూడా ఏరివేశారు. ఆ విషానికి కొన్ని పక్షులు కూడా చనిపోయాయి. ఆ సంగతి దాచిపెట్టి పొగడడం సరికాదు. కాని ఎలుకలు పోయిన చోట అవి మళ్ళీ పుంజుకున్నాయి. తర్వాత రెండేళ్ళు ఆగి, వాసన పట్టే కుక్కల్ని తీసుకెళ్ళి తీరమంతా నడిపించారు. ఒక్క ఎలుక జాడ కూడా దొరకలేదు. 2018 మే 9న దీవి ఎలుకల బెడద వదిలించుకున్నదని ప్రకటించారు.

ఇక్కడే మన అసలు విషయం మొదలు. ఇల్లు ఊడ్చాక గుమ్మం దగ్గర ఎవరో ఒకరు కూర్చోవాలి గదా.

ఇవాళ ఆ దీవికి వచ్చే జనంలో ఎక్కువమంది పెద్ద యాత్రికుల ఓడల్లో వస్తారు. ఆ ఓడలకు వేరే కట్టుదిట్టాలున్నాయి. అయిదు వందల మందికంటే ఎక్కువ ప్రయాణికులున్న ఓడకు అనుమతి లేదు; ఒకచోట ఒకసారి నూరుమందికి మించి దిగకూడదు. ఇంకో రకం వాళ్ళు యాట్లలో వస్తారు. యాట్ అంటే సొంతంగానో అద్దెకో తీసుకుని నలుగురైదుగురు, మహా అయితే పదిమంది నడుపుకొచ్చే తెరచాప పడవ. పెద్ద ఓడలతో పోలిస్తే ఇవి చాలా తక్కువ. అంత చిన్న పడవ మీద ఇన్ని నియమాలెందుకని మీకు అనుమానం రావచ్చు. నాకూ వచ్చింది. కాస్త ఆలోచిస్తే మటుకు చిన్న పడవే పెద్ద చిక్కు అనిపిస్తుంది.

పెద్ద ఓడ తీరానికి దూరంగా ఆగుతుంది. రబ్బరు పడవల్లో మనుషుల్ని దింపి, సాయంత్రానికి ఎక్కించుకుని పోతుంది. యాట్ అలా కాదు. పెద్ద ఓడ చొరలేని ఇరుకు కయ్యల్లోకి చొరబడుతుంది, ఒడ్డుకు దగ్గరగా లంగరు దింపుతుంది, గాలి ఉధృతంగా ఉంటే ఒడ్డున బండకు తాడు కట్టుకుంటుంది. రోజులు, వారాలు అక్కడే ఉంటుంది. దీవికి రాకముందు అది అర్జెంటీనాలోని ఉషుయాయాలోనో ఫాక్లండ్సులోని స్టాన్లీలోనో రేవుకు ఆనుకుని వారం పది రోజులు కట్టి ఉంటుంది. రేవన్నాక ఎలుకలుంటాయి. విశాఖ, కాకినాడ వైపు వెళ్ళిన శ్రోతలు చూసే ఉంటారు. ఓడల్ని కట్టిన మోకుల మీద గుండ్రటి రేకు బిళ్ళలు తగిలించి ఉంటాయి. తాడు మీద నడిచొచ్చే ఎలుక ఆ బిళ్ళ దాటలేదు. ఎలుకకు తాడంటే వంతెన. అది రేవునుంచి పడవలోకి పనికొచ్చినట్టే, పడవనుంచి దీవిలోకి కూడా పనికొస్తుంది. గర్భంతో ఉన్న ఆడ ఎలుక ఒక్కటి దిగితే చాలు. మూడు వారాలకు ఈనుతుంది, ఎనిమిదో పదో పిల్లల్ని. ఆ పిల్లలు మూడు నెలలు తిరక్కుండానే మళ్ళీ ఈనడానికి సిద్ధం.

సరే, మీరే ఒక యాట్‌లో బయల్దేరారనుకుందాం. దీవి ప్రభుత్వం కార్యాలయం స్టాన్లీలో ఉంది. చాలా ముందుగా అక్కడికి దరఖాస్తు పెట్టాలి. ఎవరెవరు వస్తున్నారు, ఏ ఏ చోట్ల దిగుతారు, ఎన్నాళ్ళుంటారు, అన్నీ రాయాలి, రుసుము కట్టాలి. అనుమతి పత్రం చేతికొస్తే గాని బయల్దేరడానికి లేదు. బయల్దేరేముందు పడవ అడుగు భాగం గీకి శుభ్రం చెయ్యాలి, నాచూ గుల్లలూ పట్టి ఉంటే వాటితోపాటు పరాయి సముద్రజీవాలు కూడా ప్రయాణం చేస్తాయి. పడవలో ఎలుక బోనులో ఎరపెట్టెలో అమర్చి ఉండాలి. కూరగాయల బుట్ట తిరగెయ్యాలి. బంగాళాదుంపలకు మట్టి అంటి ఉండకూడదు. క్యాబేజీ రేకుల మధ్య పురుగులుండకూడదు. ఫాక్లండ్సులో వెనక పట్కారులాంటి కొమ్ములుండే పురుగు ఒకటుంది, ఐరోపా రకం అది, పరాయిదేశంనుంచి వచ్చి స్టాన్లీ ఊళ్ళో తోటల్ని పీక్కుతింటోంది. అక్కడ కొన్న కూరల్లో అది దాక్కుని వచ్చే ప్రమాదం ఉంది. అట్టపెట్టెల మడతలు కూడా పురుగులకు మంచి ఇళ్ళే. కాబట్టి సరుకు డబ్బాల్లోకి మార్చుకుని అట్టలు రేవులోనే పారేసి వస్తే మంచిది.

ఇక బట్టలు. ఇది నాకు అన్నిటికంటే నచ్చిన భాగం. పొలం గట్టు మీద నడిచొచ్చాక పంచె అంచుకు ఉత్తరేణి గింజలు ఎలా పట్టుకుని ఉంటాయో మనకు తెలుసు. ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని ఒక్కొక్కటే లాగిపారేస్తాం. ఎక్కడ పారేస్తే అక్కడ మొలుస్తుంది. ఉత్తరేణి తెలివే అది. సౌత్ జార్జియాలో కూడా అలాంటి మొక్క ఉంది, అసీనా అంటారు. దాని గుండ్రటి ముళ్ళకాయ మేజోళ్ళకు పట్టుకుంటే వదలదు. అది అక్కడి మొక్కే గనక కొత్తగా వచ్చే చేటు లేదు, కాని ఒక తీరంనుంచి ఇంకో తీరానికి మోసుకెళ్ళకూడదు. ఇంక పరాయి గింజల మాట చెప్పేదేముంది. అందుకని ప్రతి మనిషీ తన బూట్లు తిరగేసి అడుగున గీతల్లో ఇరుక్కున్న మట్టి పిన్నుతో గీకి తియ్యాలి. పాంటు జేబులు వెలికి తిప్పాలి. చర్‌మని ఊడే వెల్‌క్రో పట్టీల్లో నూలు పోగుల మధ్య గింజలుంటాయి, వాటిని పట్కారుతో ఏరాలి. కెమెరా సంచి అడుగు దులపాలి. చివరికి బూట్లను వర్కన్ లాంటి క్రిమిసంహారక మందు కలిపిన నీళ్ళలో ముంచాలి. దీవిలో దిగే ప్రతిసారీ, ఎక్కే ప్రతిసారీ ఇదే పని.

ఇదంతా చేశామని ఒక పట్టిక ప్రకారం తామే పరీక్షించుకుని, తామే సంతకం పెట్టాలి. తన పరీక్ష పేపరు తానే దిద్దుకోవడం లాంటిదన్నమాట. బడిలో ఈ పద్ధతి పెడితే ఎలా ఉంటుందో ఉపాధ్యాయుణ్ణి గనక నాకు బాగా తెలుసు. బుద్ధిమంతుడు తన తప్పుకు ఇంకో అరమార్కు ఎక్కువే తీసేసుకుంటాడు; గడుగ్గాయి నూటికి నూరు వేసుకుంటాడు. ఆ సంగతి దీవి ప్రభుత్వానికీ తెలుసు. అందుకే పడవ ముందుగా కింగ్ ఎడ్వర్డ్ పాయింటుకే రావాలి. దారిలో ఎంత అందమైన తీరం కనబడినా దిగడానికి వీల్లేదు. అక్కడ ప్రభుత్వ అధికారి పడవలోకి ఎక్కి, కూరల బుట్ట, బూట్లు, సంచులు చూసి, ఎలుక రెట్టల కోసం మూలలన్నీ వెతికి, సరే అన్నాకే మిగతా ప్రయాణం. బూటు కుట్టులో గింజ ఒకటి దొరికితే మళ్ళీ మొదటికి. పూర్తిగా శుభ్రం చేసి చూపించందే దిగనివ్వరు. ఎలుక జాడ కనిపిస్తే వెంటనే అధికారులకు తెలియజెయ్యాలి. ఈ నియమాలకు చట్టం బలం కూడా ఉంది. 2011లో వన్యప్రాణి, రక్షిత ప్రాంతాల శాసనం చేశారు. పరాయి ప్రాణిని దీవిలోకి తేవడం దాని ప్రకారం నేరం. పెద్ద ఓడల కోసం స్టాన్లీ రేవులో ఎలుక వాసన పట్టే కుక్కల్ని కూడా వాడుతున్నారు.

ఇంకొక నియమం ఉంది, ఎలుకకూ గింజకూ సంబంధం లేనిది. రాత్రి పడవలో పైకి కనబడేట్టు దీపాలు వెలగకూడదు, కిటికీలకు తెరలు వెయ్యాలి. బొరియ పక్షులు రాత్రిపూట ఎగురుతాయి. వెలుతురు చూసి దారి తప్పి పడవమీద పడి రెక్కలు విరగ్గొట్టుకుంటాయి.

పడవవాళ్ళు ఈ నియమాల మీద సణుగుతారా అంటే, సణగరని ఎలా అంటాం? నాలుగైదు రోజులు ప్రపంచంలోకెల్లా పొగరుబోతు సముద్రం దాటి, వాంతులు చేసుకుంటూ వచ్చినవాణ్ణి ఒడ్డు చూపించి, దిగకు, ముందు బూట్లు తియ్యి అంటే మంట పుట్టదూ? పైగా వాళ్ళకొక ఆదర్శపురుషుడున్నాడు. ఎర్నెస్ట్ షాకిల్టన్ 1916 మే నెలలో అయిదుగురు సహచరులతో, ఇరవై మూడు అడుగులు కూడా లేని జేమ్స్ కేయర్డ్ అనే పడవలో, మంచుసముద్రం దాటి ఈ దీవి దక్షిణ తీరంలోని కింగ్ హాకాన్ బేలో దిగాడు. తర్వాత ఎవరూ దాటని కొండలు దాటి తన మనుషుల్ని కాపాడుకున్నాడు. 1922లో దీవి దగ్గరే చనిపోతే గ్రిట్వికెన్ స్మశానంలోనే పూడ్చారు. ఇవాళ ఆ దారినే రావాలనుకునే ప్రతి పడవవాడూ తనలో ఒక చిన్న షాకిల్టన్ ఉన్నాడనుకుంటాడు. కాని ఇవాళ షాకిల్టనే వచ్చినా సరే, ముందు కింగ్ ఎడ్వర్డ్ పాయింటుకు వెళ్ళి బూట్ల అడుగు చూపించవలసిందే. నాకైతే ఇందులో తప్పేమీ కనబడదు.

ఇంకొక అభ్యంతరం ఉంది, అది కొట్టిపారెయ్యడానికి వీల్లేనిది. 2023 అక్టోబరులో ఆ దీవికి బర్డ్ ఫ్లూ వచ్చింది. మొదట దీవి వాయవ్య కొసన ఉన్న బర్డ్ ఐలండులో స్కువా పక్షుల్లో కనబడింది. పడవలో రాలేదు. రెక్కల మీద వచ్చింది, వలస పక్షుల వెంట. ఏ అధికారీ ఆకాశంలో పక్షిని ఆపి రెక్కలు వెతకలేడు. ఆ రోగం సీళ్ళకు కూడా పాకింది. ఏనుగు సీళ్ళకు ఆ దీవిలో పెద్ద పుట్టినిళ్ళనదగిన మూడు తీరాల్లో 2022, 2024 సంవత్సరాల మధ్య ఈనడానికొచ్చే ఆడ సీళ్ళ సంఖ్య 47 శాతం తగ్గిందని 2025లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. ఇంత ముప్పు గాలిలోనే వస్తుంటే బూటు కుట్టులో గింజ కోసం వెతుకులాట ఎందుకని ఎవరైనా అడగవచ్చు.

నా మటుకు నాకు తోచింది చెబుతాను. పిడుగు పడి గడ్డివాము తగలబడితే, ఇంక పొయ్యిలో నిప్పు ఆర్పనక్కర్లేదని ఎవరూ అనుకోరు. రోగం వచ్చాక కూడా చెయ్యవలసిన పని ఉంది. ఒక తీరంనుంచి ఇంకో తీరానికి పెంట అంటిన బూటుతో మనిషి తిరిగితే రోగాన్ని తానే మోసినట్టు. అందుకే బర్డ్ ఫ్లూ వచ్చాక ఇంకా బిగించారు. జంతువులున్న చోట నేల మీద కూర్చోకూడదు, మోకాళ్ళ మీద వంగకూడదు, ఫొటో కోసం బోర్లా పడుకోకూడదు. సంచి కింద పెట్టకూడదు. నేలకు తగిలేది బూటు అడుగొక్కటే ఉండాలి, ఎందుకంటే కడగడానికి వీలైనది అదొక్కటే. రోగం వస్తుంది, ఎన్నాళ్ళకో తగ్గుతుంది, మిగిలిన జీవాలు మళ్ళీ పెరగడానికి చూస్తాయి. ఎలుక అలా కాదు. ఎలుక వచ్చిందంటే తనంత తాను పోదు.

పైగా రెండోసారి వదిలించుకోవడం మొదటిసారంత సులువు కాదు. ఇందాక చెప్పిన మంచు గోడలు గుర్తున్నాయా? అవి ఇంకా వెనక్కి పోతున్నాయి. వెనకటికి ఒక కయ్యలో ఎలుక దిగితే ఆ కయ్యకే పరిమితమయ్యేది. ఇప్పుడు పక్క కయ్యకు ఇసుక తీరం వెంట దారి ఏర్పడుతోంది. ఈ పని తప్పిపోతే ఎలా ఉంటుందో అదే మహాసముద్రంలో ఇంకో బ్రిటిష్ దీవి చెబుతుంది. గాఫ్ ఐలండ్ అని ట్రిస్టన్ డా కున్హా జట్టులోది. అక్కడ చిట్టెలుకలు తమకంటే కొన్ని వందల రెట్లు పెద్దవైన ఆల్బట్రాస్ పిల్లల్ని గూట్లోనే బతికుండగా కొరుక్కుతింటాయి. 2021లో హెలికాప్టర్లతో అక్కడా ఎర చల్లారు. అదే ఏడాది డిసెంబరులో ఒక చిట్టెలుక కనబడింది. అంత శ్రమా వృథా. అదే ట్రిస్టన్ జట్టులో 2011 మార్చిలో ఒలీవా అనే సరుకు ఓడ సోయా గింజలతో వెళ్తూ నైటింగేల్ దీవి బండలకు కొట్టుకుంది. నావికులందరూ ప్రాణాలతో బయటపడ్డారు. నూనె ఒలికి పెంగ్విన్లు వేలల్లో తడిసిపోతుంటే, దీవివాళ్ళు ఒక పక్క ఆ పక్షుల్ని కడుగుతూనే, ఇంకో పక్క ఎలుక బోనులు పరిచారు. ఎలుకలే లేని దీవి అది. ఓడలోంచి ఒక్క ఎలుక ఈదుకొస్తే నూనెకంటే అదే పెద్ద ముప్పని వాళ్ళకు తెలుసు. అదృష్టవశాత్తూ ఎలుక రాలేదు.

ఎక్కడో మంచుదీవి గోల మనకెందుకని ఈపాటికి ఎవరైనా రేడియో మీద చెయ్యి వేసి ఉంటే, ఒక్క నిమిషం ఆగండి. మా బళ్ళారి పొలిమేరల్లో ఏ బీడు చూసినా కనబడే ముళ్ళచెట్టు ఉంది గదా, కన్నడంలో దాన్ని బళ్ళారి జాలి అంటారు. కృష్ణగిరి, హోసూరు వైపు తమిళంలో సీమై కరువేలం. తెలుగులో సర్కారు తుమ్మ. చెట్టు ఒక్కటే. అసలు పుట్టినిల్లు అమెరికా ఖండం. 1870లలో వంటచెరకు కోసమని ప్రభుత్వమే విత్తనం తెప్పించి కడప జిల్లాలో వేయించింది. నాకు రెండు భాషలూ వచ్చు గనక ఈ పేర్లు తలచుకుంటే నవ్వొస్తుంది. కన్నడంవారు నింద బళ్ళారి మీద వేశారు, తమిళులు పరదేశం మీద, మనం సర్కారు మీద. నిజానికి మనదే కొంత న్యాయం. 2017లో తమిళనాడులో దాన్ని పీకెయ్యమని హైకోర్టు దాకా వెళ్ళారు. పీకితే మళ్ళీ చిగురిస్తుంది. దాని బొగ్గు అమ్ముకుని బతికే పేదవాళ్ళు కూడా ఉన్నారు, వాళ్ళనేమంటాం? పొలంలో వయ్యారిభామ కలుపు తీసిన ఆడవాళ్ళు చేతులు దురదపెట్టి గీరుకోవడం చూస్తూనే ఉన్నాం. అది కూడా పరదేశపుదే. మన దేశంలో 1950లలో పుణె దగ్గర మొదట కంటబడింది. అమెరికా గోధుమల్లో కలిసి వచ్చిందని చెప్పుకుంటారు. దాన్ని మొదటిసారి చూసినవాడు తెల్లటి పూలు బాగున్నాయనుకుని ఉంటాడు. ఇప్పుడు దాన్ని దేశంనుంచి వెళ్ళగొట్టే హెలికాప్టరు ఏదీ లేదు. సౌత్ జార్జియాకు ఆ అవకాశం దొరికింది, అంతే తేడా. చుట్టూ సముద్రం ఉంది, జనం లేరు, డబ్బిచ్చేవాళ్ళు దొరికారు, మంచు గోడలు ఇంకా కొంత నిలబడి ఉన్నాయి. నాలుగూ ఒకేసారి కలిసిరావడం అరుదు.

అక్కడ కూడా అన్నీ నెగ్గలేదు. నేల మీద తిరిగే పరాయి చిన్న పురుగులు రెండు రకాలు ఎప్పుడో వచ్చి స్థిరపడిపోయాయి. వాటిని తియ్యడం ఎవరివల్లా కాదు. గ్రిట్వికెన్ చుట్టూ పరాయి కలుపు మొక్కల్ని వెతికి మందు కొట్టే పని ఏటేటా సాగుతోంది. ఒక మొక్క గింజ కట్టిందంటే ఇంకో నాలుగైదేళ్ళు అదే నేల మీద మోకాళ్ళూని వెతకాల్సిందే. అందుచేతనే అధికారి మీ బూటు తిరగేసి చూసేటప్పుడు అంత తాపీగా చూస్తాడు.

పిపిట్ సంగతి చెప్పి ముగిస్తాను. ఎలుకలు పోయిన ఒకటి రెండు వేసవుల్లోనే అది లంకలు వదిలి పెద్ద తీరాలకు తిరిగొచ్చింది. గడ్డి దుబ్బు అడుగున, నేలను ఆనుకునే గూడు కడుతుంది. తాతముత్తాతల కాలంలో కట్టినట్టే. దగ్గరికి వెళ్ళినా పెద్దగా బెదరదు. మనిషంటే భయం లేదు దానికి, ఎలుకంటే ఇంకా నేర్చుకోలేదు. గాలి కాస్త తెరిపిచ్చినప్పుడు పైకెగిరి పాడుతుంది, తుప్పుపట్టిన ఆ తిమింగలాల కర్మాగారం పక్కన కూడా.